విగ్రహార్పిత మాంసం: తినాలా, మానాలా?

క్రీ.శ. 55 ప్రాంతంలో గ్రీకు నగరం కొరింథులోని క్రైస్తవ విశ్వాసులను వేధించిన ప్రశ్న ఇది. బలి మాంసంలో కొంత అంగడికి చేరేది. గ్రీకుల వైద్య దేవుడు ఆస్క్లేపియస్ గుడి దగ్గరే విందు గదులుండేవి. గోడల వెంట ఆనుకుని కూర్చునే అరుగులు తవ్వకాల్లో బయటపడ్డాయి.

తింటే ఖర్చు లేదు, బంధుమిత్రులు దూరం కారు.
మానితే పిలుపులు తగ్గుతాయి, వ్యాపార పరిచయాలూ పోవచ్చు.

తినేవారు అంగడిలో ఆరా తీయనక్కరలేదని అపొస్తలుడైన పౌలే వారికి పత్రికలో రాశాడు.
మానేవారు ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాలి, అదీ ఎదుటివారి మనసు నొప్పించకుండా.

అసలు చిక్కు ప్రమాదంలో ఉంది. నిన్నమొన్నటి దాకా ఆ దేవతను కొలిచిన విశ్వాసి మిమ్మల్ని గుడి విందులో చూసి పాత దారికి మళ్లవచ్చు. విగ్రహం వట్టిదన్న మీ జ్ఞానం అతణ్ణి కాపాడదు. మానడంలో ప్రమాదం వేరు: నేనే పవిత్రుణ్ణన్న గర్వం. ధనాపేక్షను కూడా విగ్రహారాధన అన్న పౌలు మాట విన్నవారు ఈ గర్వాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

అంగడి సరుకైనా, ఇంటి విందైనా తినండి. అర్పించినదని ఎవరైనా చెబితే మానండి. గుడి విందుకు అసలే వెళ్లవద్దు.

మన ఊళ్లలో ప్రసాదమని చెప్పి ఇచ్చేది రెండో కోవలోకి వస్తుందని నా అభిప్రాయం. చేతులు జోడించి మర్యాదగా వద్దనండి. పండుగ పూట పొరుగువారు భోజనానికి పిలిచి పులిహోర వడ్డిస్తే మాత్రం, ప్రశ్నలు వేయకుండా తృప్తిగా తినండి.