వెనక అచ్చు ముందుకు కనబడని పేపర్: రీసైకిల్ రకం చాన్నాళ్లు వాడాక

విశాఖ మద్దిలపాలెంలో మాది జిరాక్స్ షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పోటీ పరీక్షలకి చదివే పిల్లలు. ఖర్చు కలిసొస్తుందని అందరూ బ్యాక్ టు బ్యాకే అడుగుతారు. అందుకే నేను తెల్లదనం తర్వాత చూస్తాను, వెనక అచ్చు ముందుకి కనబడుతుందా అన్నది ముందు చూస్తాను. ఇందులో రీసైకిల్ పేపర్‌ని మించింది నాకు దొరకలేదు. నేను వాడే రెండు రకాలూ, అంటే రీసైకిల్‌దీ, నేరుగా చెట్ల కలపతో చేసిన కొత్త గుజ్జుదీ, 75 జీఎస్ఎమ్మే (చదరపు మీటరు కాగితం 75 గ్రాములు తూగుతుంది). లైటుకి పట్టి చూస్తే కొత్త గుజ్జు షీటులో వెనక లైన్లు నీడలా తెలుస్తాయి, రీసైకిల్ షీటులో దాదాపు తెలియవు. పాత కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసేటప్పుడు పీచు విరిగి సన్నటి తునకలవుతుంది. అవి సందుల్లో కూరుకుని వెలుతురుని ఆపేస్తాయి. రాత్రిళ్లు చదివే పిల్లలకి ఆ కాస్త బూడిద రంగు కూడా కళ్లకి హాయిగా ఉందట.

ఆ తునకలే వానాకాలంలో నాకు చుక్కలు చూపించాయి. శ్రీకాకుళం అమ్మాయి ఒకామె టెస్ట్ పేపర్ల ఫైలు తెచ్చింది. మర్నాడే పరీక్ష, సాయంత్రం బస్సు పట్టుకోవాలి. బయట ముసురు, లోపల ఉక్క. నాలుగు షీట్లు లాగితే ఐదోది జామ్. కట్ట తిరగేసి పెట్టాను, విదిలించి పెట్టాను, లాభం లేదు. ఆ పిల్ల గడియారం చూస్తుంటే నాకు టెన్షన్. సర్వీసు కుర్రాడు వచ్చి ట్రే లాగి చూపిస్తే, పేపర్ లాగే రోలర్ మీద పిండిలా తెల్లటి నుసి! తుడిచినా కాసేపే పనిచేసింది. చివరికి కొత్త గుజ్జు కట్ట విప్పి పెడితే అంతా గడగడా వచ్చేసింది.

మన వైపు మిల్లులు వాడే సరుగుడు, సుబాబుల్ పీచు కూడా పొట్టిదే, మిల్లీమీటరుకి అటూఇటూ. పైన్ పీచైతే మూడు దాకా ఉంటుంది. అయినా కొత్త పీచు మెత్తగా వంగి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి కాగితమై ఆరిన పీచు బిరుసెక్కుతుంది, మళ్లీ నానబెట్టినా అంత పట్టు రాదు. నుసి రాలేది అందుకే. దానికి సముద్రపు తేమ తోడైతే షీటు ఇంకా మెత్తబడిపోతుంది.

అంతకుముందు అడిగిన ప్రతివాళ్లకీ రీసైకిలే కొనమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కార్తీకం నుంచి శివరాత్రి దాకా అని కలిపి చెప్తున్నాను. మీది ఏసీ గది, మెషిన్ కొత్తది అయితే ఏడాది పొడుగునా నడుస్తుందేమో. నాది సెకండ్ హ్యాండ్ మెషిన్, రోడ్డు వైపు మొత్తం తెరిచి ఉండే షాపు. సర్టిఫికెట్ కాపీలకి మాత్రం ఏ కాలంలోనైనా కొత్త గుజ్జు పేపరే పెడతాను, మడత దగ్గర ముందు చిట్లేది రీసైకిల్ షీటే.