గండికోటలో మూడు పొద్దులు: కుందేలు సాళువ పిల్లల కోసం

గండికోటకు వెళ్లినవాళ్లు చాలామంది రెండు గంటల్లో తిరిగొస్తారు. మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూసి, లోయ అంచున ఫొటో దిగి, ఎండెక్కేలోపు జమ్మలమడుగు దారి పడతారు. నేనూ ఇంతకుముందు మూడుసార్లు అలాగే వెళ్లొచ్చాను. ఈసారి ఏప్రిల్ రెండో వారంలో రెండు రాత్రులు ఆ చుట్టుపక్కలే ఉన్నాను. లోయ గోడలో గూడు కట్టుకున్న ఒక జంట పక్షులు, వాటి రెండు పిల్లల కోసం వెళ్లాను.

కబురు చెప్పింది మా చిన్నాయన. ప్రొద్దుటూరులో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. జనవరి నుంచి పదిహేను రోజులకోసారి బస్సెక్కి వెళ్లి ఆ గూటిని చూసి వస్తున్నాడు. ఆ రోజు ఫోన్ చేసి, "పెద్దది గూడు దిగిందిరా నాయనా. చిన్నది ఇంకా అంచు మీదే ఊగులాడుతోంది. ఈ వారం దాటితే మళ్లీ ఏడాది ఆగాల" అన్నాడు. శుక్రవారం సెలవు పెట్టి కర్నూలు నుంచి బయల్దేరాను. ఓర్వకల్లు, బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు, అక్కడి నుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లకు జమ్మలమడుగులోనే స్టేషన్ ఉంది, లేదంటే ముద్దనూరులో దిగొచ్చు.

మేం చూడబోయిన పక్షిని ఇంగ్లీషులో బొనెల్లీస్ ఈగల్ అంటారు. పాత పక్షుల జాబితాల్లో తెలుగు పేరు కుందేలు సాళువ అని కనిపిస్తుంది. సాళువ అంటే వేటడేగ. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల వంశం పేరులో ఉన్నదీ ఆ మాటే. రెక్కలు చాస్తే ఐదడుగుల పైమాట. పెద్ద పక్షికి తెల్లటి రొమ్ము మీద నల్లటి సన్న గీతలుంటాయి, వీపు మీద తెల్లటి మచ్చ ఉంటుంది. పిల్లల రొమ్ము ఇటుక పొడి రంగులో ఉంటుంది కాబట్టి దూరం నుంచి కూడా ఏది పిల్లో ఏది తల్లో తెలిసిపోతుంది. ఆ రంగు పోయి పెద్దల రంగు పూర్తిగా రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

చలికాలంలో గుడ్లు పెడుతుంది, సాధారణంగా రెండు. సుమారు నలభై రోజులు పొదుగుతుంది. పిల్లలు రెండు నెలలు గూట్లో పెరుగుతాయి. ఎగరడం వచ్చేసింది కదా, ఇక వాటి బతుకు అవి చూసుకుంటాయి అనుకుంటాం. అసలు చదువు అప్పుడే మొదలవుతుంది. ఎగరడం వేరు, వేటాడి కడుపు నింపుకోవడం వేరు. ఈ రెంటి మధ్య రెండు మూడు నెలలు అవి గూటి చుట్టుపక్కలే తిరుగుతూ, తల్లిదండ్రుల కాళ్లలోని తిండి మీద ఆధారపడి ఉంటాయి. చూడాల్సింది ఈ రోజుల్నే.

వీటికి గండికోట ఎందుకు నచ్చిందో అక్కడ కూర్చుంటే అర్థమవుతుంది. అక్కడి రాయిని చాలాచోట్ల గ్రానైట్ అని రాస్తారు గానీ అది క్వార్ట్‌జైట్. పుస్తకాలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. పెన్నా కోసిన ఆ గోడలో పొరకూ పొరకూ మధ్య అరుగుల్లాంటి చోట్లు ఏర్పడ్డాయి. పై పొర చూరులా నీడనిస్తుంది. కింద నిట్టనిలువు గోడ, మనిషి గానీ పిల్లి గానీ ఎక్కలేదు. ఇక తిండికి కొదవేముంది? కోటలో పావురాల గోపురం అని ఒక కట్టడమే ఉంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గోడల నిండా, లోయ అంతా పావురాలే.

గూడు ఏ వైపు ఉందో, ఏ బండ మీద నుంచి చూశామో రాయను. ఇది మాత్రం క్షమించండి. గూడు ఆనవాలు పదిమందికి తెలిస్తే పదకొండోవాడు దగ్గరికి పోతాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు చేరాం. మేం ఎంచుకున్న చోటుకూ గూటికీ మధ్య లోయ అడ్డంగా ఉంది. చిన్నాయన దగ్గర స్టాండుకు బిగించే టెలిస్కోపు, నా దగ్గర మామూలు బైనాక్యులర్. ఆ దూరం నుంచి టెలిస్కోపు లేకపోతే కష్టమే, బైనాక్యులర్లో రంగూ కదలికా తెలుస్తాయి గానీ ముఖం తెలియదు. పుల్లలతో కట్టిన గూడు మంచమంత వెడల్పుంది. దాని అంచున చిన్న పిల్ల నిలబడి ఉన్నచోటే రెక్కలు కొడుతోంది. పది పన్నెండుసార్లు కొట్టి, కాళ్లు జానెడు పైకి లేవగానే బెదిరి ఆపేసి, గోడ వైపు తిరిగి కూర్చునేది. పెద్దది ఇరవై గజాల అవతల ఒక చెట్టు మోడు మీద ఉంది. చీకటి పడేదాకా ఇంతే. తల్లి రెండుసార్లు పైనుంచి తిరిగి వెళ్లింది, ఏమీ తేలేదు.

ఆ రాత్రి లోయకు దగ్గర్లో టెంటు తీసుకున్నాం. ఇద్దరికి పన్నెండు వందలు, భోజనం విడిగా. రాగి సంగటి, నాటుకోడి పులుసు వేడిగా, బాగా పెట్టారు. మరుగుదొడ్డి దూరం, నీళ్లు బకెట్లో మోసుకోవాలి. అవి పెద్ద ఇబ్బంది కాదు. పక్క టెంట్లలో స్పీకరు పాటలు రాత్రి పదకొండున్నర దాకా మోగడమే బాధ. ఆ మోత లోయలో ప్రతిధ్వనిస్తుంది. పిల్లలున్న గూడు వినదా? నడిపే అబ్బాయికి చెప్తే వెళ్లి తగ్గించమన్నాడు, పది నిమిషాలకు మళ్లీ మామూలే. ఇంత చెప్పినా, పక్షుల కోసమైతే టెంటుకే నా ఓటు. ఎందుకో శనివారం పొద్దున తెలిసింది.

ఐదున్నరకల్లా బండ మీద ఉన్నాం. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన నిన్న సాయంత్రమే మమ్మల్ని చూసి చెప్పాడు: "పొద్దు పొడవకముందే రాండి సామీ. ఎండెక్కితే అవి రాయి కిందికి దూరతాయి." మేకపిల్లల జోలికి వస్తాయా అని అడిగితే, "నేనైతే సూడలా. పావురాలు, కౌజు పిట్టలు ఎత్తకపోతాయి" అన్నాడు.

ఆరు దాటాక తల్లి వచ్చింది, కాళ్లలో పావురం. చిన్నది గూటి అంచుకు వచ్చి గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. తల్లి గూటి వైపు చూడనైనా చూడలేదు. ఎదురుగా, నూరు గజాల అవతల ఒక అరుగు మీద వాలి, పావురాన్ని కాళ్ల కింద నొక్కిపెట్టి కూర్చుంది. నెలన్నర క్రితం ఇదే తల్లి ముక్కుతో చీలికలు చీల్చి నోట్లో పెట్టేదని చిన్నాయన చెప్పాడు. ఇప్పుడు పెట్టదు. ఆకలి ఉంటే నువ్వే రా.

పెద్ద పిల్ల వెంటనే మోడు మీద నుంచి ఎగిరి వెళ్లి తల్లి పక్కన వాలింది. వాలడం కాదు, పడింది అనాలి. వేగం ఎలా తగ్గించుకోవాలో ఇంకా తెలియదు. రొమ్ము రాతికి తగిలినంత పనైంది. లేచి రెక్కలు గొడుగులా విప్పి, పావురం మీద కప్పుకుని తినసాగింది. చిన్నది అరుస్తూనే ఉంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. గూట్లో ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. తల కిందికి వంచి లోయలోకి చూసింది. నా అరచేతులు చెమటలు పట్టాయి. చిన్నాయన టెలిస్కోపు నుంచి కన్ను తీయకుండా, "తోసేవాళ్లుండర్రా. తోయరు. పిలవనూ పిలవరు" అన్నాడు.

ఆరు నలభైకి అది దూకింది.

మొదట కిందికి జారిపోయింది, రెక్కలు విప్పుకున్నా గాలి దొరకనట్టు. తర్వాత ఏదో పట్టు దొరికి, వంకరగా సగం దూరం దాటి, అరుగు అందక గోడ మీద పెరిగిన గడ్డి దుబ్బును గోళ్లతో పట్టుకుని వేలాడింది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ, రాయిని పట్టుకుని పాకుతూ పైకెక్కింది. తల్లి దగ్గరికి వెళ్లేసరికి పావురంలో మిగిలింది ఎముకలూ ఈకలూ. అయినా ముక్కుతో ఆ ఎముకల్ని చాలాసేపు పీక్కుంటూ కూర్చుంది. నేను చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకున్నాను, ఆ మాట దాచడానికేం లేదు.

ఎనిమిదిన్నర తర్వాత గోడ వేడెక్కి లోయలోంచి గాలి పైకి లేస్తుంది. పెద్ద పక్షులు రెండూ రెక్క ఆడించకుండా ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ చుక్కలంత చిన్నవైపోయాయి. పెద్ద పిల్ల వెనకాలే వెళ్లింది. దానికి ఆ గాలి ఎక్కడుందో దొరకదు. నాలుగు చుట్లు సరిగ్గా తిరిగి ఐదో చుట్టులో బయటికి జారిపోయి, మళ్లీ రెక్కలు కొట్టి రొప్పుతూ గోడ దగ్గరికి వచ్చేది. అలా వచ్చినప్పుడు ఒక పసుల పోలిగాడు దాని నెత్తిన పొడుస్తూ తరిమింది. పిడికెడు పిట్ట ఐదడుగుల రెక్కల పక్షిని తరుముతుంటే, అది ఎటు పోవాలో తెలియక పొదలో దూరింది. పెద్దవైతే ఆ పిట్టను పట్టించుకోవు, పక్కకు ఒరిగి ముందుకు సాగిపోతాయి. అదీ నేర్చుకోవాలి కాబోలు.

తొమ్మిదిన్నరకు మేం లేచాం. పది నుంచి నాలుగు వరకు ఏం చేయాలన్నది ఏప్రిల్‌లో అందరికీ వచ్చే సమస్య. ఈ గ్యాప్‌లో బెలుం గుహలకు వెళ్లిరావచ్చని కొందరు చెప్తారు. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహలు చూడాల్సినవే, అనుమానం లేదు. కానీ ఎండలో అంత దూరం పోయి, లోపలి ఉక్కలో తడిసి తిరిగొస్తే సాయంత్రం బండ మీద కూర్చునే ఓపిక ఉండదు. బెలుంకు ఇంకో రోజు పెట్టుకోండి. మేం జమ్మలమడుగు వెళ్లి ఉగ్గాని, బజ్జీలు తిని, లాడ్జిలో రూము తీసుకుని పడుకున్నాం. శనివారం కావడంతో కోట దగ్గరి హరిత హోటల్లో రూము దొరకలేదు. వారాంతమైతే ముందే బుక్ చేసుకోవాలి.

సాయంత్రం లోయ అంచున జాతర. ఐదు గంటలకు మగ పక్షి ఏదో పట్టుకుని గోడ వెంట వస్తోంది. సరిగ్గా అప్పుడే నలుగురు కుర్రాళ్లు డ్రోన్ లేపారు. అది గోడకు దగ్గరగా, గూటి ఎత్తులోనే వెళ్లింది. పక్షి ఒక్కసారిగా పైకి తిరిగి, తిండితో సహా గుట్ట అవతలికి వెళ్లిపోయింది. చిన్న పిల్ల అరుగు మీద బోర్లా పడుకుని రాయికి కరుచుకుపోయింది. చిన్నాయన మోకాళ్ల నొప్పితోనే వాళ్ల దగ్గరికి నడిచాడు. "తమ్ముడూ, అక్కడ పిల్లలున్నాయి. గంట నుంచి తిండి కోసం కాచుకున్నాయి" అన్నాడు. వాళ్లు వెంటనే దించేశారు, నిజంగానే తెలియదన్నారు. ఒకబ్బాయి వచ్చి టెలిస్కోపులో చాలాసేపు చూశాడు. కానీ మగ పక్షి చీకటి పడేదాకా తిరిగి రాలేదు. ఆ పూట రెండు పిల్లలూ పస్తే. 1972 వన్యప్రాణి చట్టం ఇలాంటి పక్షులకూ గూళ్లకూ రక్షణ ఇచ్చింది, కానీ ఆ మాట చెప్పే బోర్డు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. సెల్ఫీ పాయింట్ ఎటో చెప్పే బదులు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అక్కడ ఒక మనిషిని నిలబెడితే ఎంత మేలు!

లాడ్జి రూము శుభ్రంగా ఉంది, ఏసీ ఉంది, నిద్ర పట్టింది. అదే మా కొంప ముంచింది. ఆదివారం కోటకు చేరేసరికి ఆరున్నర. మేకల పెద్దాయన ఎదురొచ్చి, "ఇప్పుడే ఆకాశంలోనే ఇచ్చిపుచ్చుకున్నాయి సామీ" అన్నాడు. తల్లి గాల్లో ఉండగానే పెద్ద పిల్ల కిందినుంచి వెల్లకిలా తిరిగి కాళ్లతో లాక్కుందట. మేం చూడలేకపోయాం. అందుకే అంటున్నాను, సౌకర్యం కావాలంటే జమ్మలమడుగు, తెల్లవారుజాము కావాలంటే కోట దగ్గరే పడుకోవాలి. వీలైతే మంగళ, బుధవారాల్లో.

మాకు దక్కింది ఇంకొకటి. కడుపు నిండిన పెద్ద పిల్ల ఎండుపుల్ల ఒకటి విరిచి, ఎత్తుకెళ్లి గాల్లో వదిలేసి, తనే కిందికి దూకి పట్టుకుంది. మళ్లీ వదిలింది. మూడోసారి అందలేదు, పుల్ల పెన్నాలో పడింది. అది అక్కడే చుట్టు తిరిగి నీళ్ల వైపు చూసి, ఇంకో పుల్ల కోసం వెళ్లింది. ఆ తర్వాత పావురాల గుంపు మీదికీ రెండుసార్లు దూకింది. పావురాలు పెద్దగా కంగారు కూడా పడలేదు. చిన్నది దూరంగా కూర్చుని ఇదంతా చూసింది. ఆదివారానికి అది గూటి నుంచి అరుగుకు, అరుగు నుంచి మోడుకు తడబడకుండా ఎగురుతోంది.

తిరుగు దారిలో ఓర్వకల్లు రాతి వనం దగ్గర ఆగాను. పిల్లలతో వెళ్లేవాళ్లకు నడక దారీ, నీడా, నీళ్లూ ఉన్న సుఖమైన చోటు అది. కానీ రాళ్ల పక్కనే జనం తిరుగుతుంటారు కాబట్టి ఇలాంటి చూపు అక్కడ ఆశించలేం. రోళ్లపాడు సంగతి వేరు. అక్కడి గడ్డి మైదానం మీద చలికాలంలో పిల్లి గద్దలు వాలడం చూసి తీరాలి. అయితే అవి ఉత్తరాది దేశాల నుంచి వచ్చే అతిథులు, ఇక్కడ గూడు కట్టవు. పిల్లలు నేర్చుకోవడం చూడాలంటే కొండ గోడ కావాలి, ఫిబ్రవరి నుంచి మే దాకా కావాలి, రెండు మూడు పొద్దులు ఒకే చోట కదలకుండా కూర్చునే సమయం కావాలి.

జూన్ చివర్లో చిన్నాయన మళ్లీ వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. గూటి మీద ఎవరూ లేరట. పెద్ద పక్షులు రెండూ గుట్ట మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాయట. పెద్ద పిల్ల జాడ లేదు. చిన్నది మాత్రం లోయ ఆ చివర కనిపించిందని, మోడు మీద నుంచి పావురాల మీదికి నిలువుగా దూకిందని చెప్పాడు.

"పట్టిందా చిన్నాయనా?" అన్నాను.

"బండ చాటుకు పోయిందిరా. అరగంట కాచుకున్నా, బయటికి రాలా" అన్నాడు.