నాగపూర్ మెట్రో: మోకాళ్ల నొప్పులున్న బాపును తీస్కపోయినోని మాట

మాది బల్లార్షా. మా బాపు బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు పని జేసిండు, ఇప్పుడు రెండు మోకాళ్లు అరిగిపోయినయి, మెట్లు కనవడితె చాలు ఆడనే నిలవడిపోతడు. చంద్రపూర్ల చూపిస్తె నాగపూర్ ఎయిమ్స్‌కు పొమ్మన్నరు, గట్ల ఆర్నెల్లల్ల నాలుగు సార్లు పోయొచ్చినం, నాలుగు సార్లు గూడ రైలు దిగి మెట్రోలనే పోయినం. మన దిక్కు నుంచి, అంటె బల్లార్షా, రాజురా, సిరోంచ, ఇటు కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ నుంచి, నాగపూర్ దవాఖానలకు పొయ్యెటోళ్లు మస్తుమంది ఉంటరు, వాళ్లకు అక్కరకొస్తదని రాస్తున్న.

తొవ్వ చెప్త. నాగపూర్ రైల్వే స్టేషన్ పేరు మీదనే మెట్రో స్టేషన్ ఉన్నది, అది ఆక్వా లైన్, ప్రజాపతి నగర్ నుంచి లోకమాన్య నగర్ దాక పోతది. ఆడ ఎక్కి కాటన్ మార్కెట్ దాటంగనే సీతాబర్డీల దిగాలె, గది జంక్షన్. ఆడ ఆరెంజ్ లైన్ మారి ఖాప్రీ దిక్కు బండి ఎక్కాలె. ఎయిమ్స్ మిహాన్ల, అంటె నాగపూర్ శివార్ల కంపెనీలున్న జాగల, ఉన్నది గదా, ఆఖరుకు ఖాప్రీల దిగి ఆటో. సీతాబర్డీ స్టేషన్ పెద్దది, ఒక లైన్ కింద ఒక లైన్ మీద, మొదటిసారి పోయెటోళ్లు కొంచెం గాబరా పడ్తరు, కాని బోర్డులు చూసుకుంట పోతె తప్పిపోరు, లిఫ్ట్ కోసం మాత్రం ముందే అడుగుర్రి, ఎస్కలేటర్ మీద ముసలోళ్లను ఎక్కియ్యకుర్రి.

నాకు అన్నిటికంటె నచ్చింది ఒక చిన్న ముచ్చట. బండి వచ్చి ఆగింది, తలుపులు తెర్సుకున్నయి, బాపు అలవాటు ప్రకారం కాలు లేపుడు కోసం నా భుజం గట్టిగ పట్టుకున్నడు, లేపవోయి కిందికి చూసిండు, లేపే పని లేదు. ప్లాట్‌ఫామ్, బండి ఫ్లోర్ రెండు ఒకటే లెవెల్. చేతికర్ర రబ్బరు బొడిపె ముందుగాల లోపల పెట్టిండు, అటెన్క కాలు జరిపిండు, గంతే, ఇంట్ల ఒక అర్ర నుంచి ఇంకో అర్రకు పోయినట్టు పోయిండు. రైలు డబ్బా మూడు మెట్లు ఎక్కుటానికి బల్లార్షాల ఇద్దరం కలిసి పట్టి లేపినం ఆయన్ని, అది యాదికొచ్చి నాకు కండ్లళ్ల నీళ్లు తిరిగినయి.

మా బామ్మర్ది నాగపూర్లనే ఉంటడు, మెట్రో మంచిదా, బస్ లేన్ (బస్సులకే ఇడిసిపెట్టిన తొవ్వ) మంచిదా అని వానికి నాకు ఎప్పటికి కొట్లాటే. వాడంటడు, "బావా, ముప్పై ఎనిమిది కిలోమీటర్లకు 8,680 కోట్లు మంజూరు జేసిండ్రు, అంటె కిలోమీటరుకు రెండొందల ఇరవై కోట్ల పైన, గా పైసలతోని ఊరంత బస్ లేన్లు ఏసి కొత్త బస్సులు తిప్పొచ్చు, సందు సందుకు బస్సు వస్తుండె". వాడు చెప్పేది తప్పని నేననను. 2019 మార్చిల ఖాప్రీ నుంచి సీతాబర్డీ ముక్క మొదలైంది, మొత్తం నాలుగు దిక్కులు పూర్తయ్యేసరికి 2022 డిసెంబర్ వచ్చింది, అదే 11వ తారీఖున ఎయిమ్స్ గూడ ప్రారంభం జేసిండ్రు. ఛత్రపతి చౌక్ కాడ ఉన్న పాత ఫ్లైఓవర్ కూలగొట్టి వార్ధా రోడ్డు మీద మూడు కిలోమీటర్ల పైన రెండంతస్తుల బ్రిడ్జి కట్టిండ్రు, కింద రోడ్డు, నడిమిట్ల ఫ్లైఓవర్, పైన మెట్రో. పని నడిచినన్ని దినాలు ఆ రోడ్డు మీద తిరిగినోళ్లకు ఎరుక గా తిప్పలు. బస్ లేన్‌కు గింత కథ ఉండదు, ఉన్న రోడ్డుల మూడున్నర మీటర్లు కాపాడుకుంటె చాలు.

కాని గా కాపాడుడు కాడనే అంత ఆగం అయితది. నేను ఓ పెద్ద నగరంల మూడేండ్లు నౌకరి జేసిన, రోజు బస్ లేన్ల పొయ్యే బస్సే ఎక్కెటోన్ని. మొదట్ల మంచిగుండె, బస్సు సర్రున పోతుండె, పక్కన కార్లన్ని ఆగి ఉంటె మేం దాటిపోతుంటిమి. ఆరు నెలలు తిరగలే, బైకులోళ్లు దూరిండ్రు, అటెన్క ఆటోలు, అటెన్క కార్లు, ఆఖరుకు లేన్లనే టెంపో ఆపి కూరగాయలు దించుడు షురూ జేసిండ్రు. రోడ్డు నడిమిట్ల స్టాప్ ఎత్తుగ కట్టిండ్రు, బస్సు మాత్రం కొంచెం దూరంల ఆగుతుండె, నడుమ జానెడు సందు, ఒకసారి ఒక అవ్వ గా సందుల కాలు పెట్టి పడ్డది, నేనే లేపిన. గీ ముచ్చట చెప్తె మా బామ్మర్ది ఏం మాట్లాడలే కొద్దిసేపు.

దేశంల జరిగింది గూడ గదే. ఢిల్లీల 2008ల అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాక బస్ కారిడార్ తెచ్చిండ్రు, కార్లోళ్లు లొల్లి లొల్లి జేసిండ్రు, 2016ల పీకేసిండ్రు. పుణెల 2006లనే కాత్రజ్, స్వార్గేట్, హడప్సర్ తొవ్వ మీద మొదలుపెట్టి, 2015ల రెయిన్‌బో అని కొత్తగ తెచ్చి, నగర్ రోడ్డు మీద మళ్ల తీసేసుడు. అహ్మదాబాద్ల మాత్రం 2009 నుంచి నడుస్తనే ఉన్నది, ఎందుకంటె ఆడ స్టేషన్ బస్సు ఫ్లోర్ ఎత్తుకు కట్టిండ్రు, లేన్‌కు రెండు దిక్కుల రెయిలింగ్ పెట్టిండ్రు, టికెట్ లోపలికి పోకముందే తీసుకోవాలె. అంటె బస్సైనా మా బాపు కాలు లేపకుంట ఎక్కొచ్చు! పట్టాలు ఉన్నయా టైర్లు ఉన్నయా అన్నది బాపు మోకాలుకు అవసరం లేదు, ప్లాట్‌ఫామ్ లెవెల్ ఉన్నదా, తొవ్వల అడ్డమెవ్వడు రాకుండ ఉన్నడా, గివే అవసరం. పట్టాలకున్న బలం ఏందంటె వాటి మీద ఎవ్వడు బండి ఆపలేడు, పోలీసు లేకున్న అది దానంతట అదే కాపాడుకుంటది. బస్ లేన్‌కు రోజూ కావలి ఉండాలె, ఎలక్షన్లొచ్చినా, కార్లోళ్లు ఒత్తిడి తెచ్చినా నిలవడే సారు ఉండాలె.

మరి చంద్రపూర్ అసొంటి ఊరికి ఏంది? గిది మా దిక్కు ఇప్పుడు నడుస్తున్న చర్చ, చాయ్ హోటల్ల గూడ ఇదే. నాగపూర్ది లైట్ రైల్ (తక్కువ మందిని మోసే చిన్న పట్టాల బండి) కాదు, మూడు డబ్బాల అసలు మెట్రో. చిన్న ఊర్లకని కేంద్రం 2019ల మెట్రోలైట్ అని ఒక నమూనా పెట్టింది, రోడ్డు మీదనే పట్టాలు, రెండు దిక్కుల జాలీ, గంటకు ఒక దిక్కు 15,000 మంది దాక మోస్తది. దానికంటె చిన్నది మెట్రోనియో, కరెంటు తీగల కింద నడిచే రబ్బరు టైర్ల బండి, గంటకు 8,000 మంది దాక, దాన్ని నాశిక్‌కు అనుకున్నరు, 2021 బడ్జెట్ల గూడ దాని పేరొచ్చింది. నా లెక్కల చంద్రపూర్, బల్లార్షా రోడ్డు మీద ఇప్పటికిప్పుడు 8,000 మంది గంటకు పొయ్యే గిరాకీ లేదు. కాబట్టి మాకు బస్ లేనే కావాలె, కాని అహ్మదాబాద్ తీరుగ, రెయిలింగ్‌తోని, లెవెల్ స్టేషన్‌తోని. వట్టిగ రోడ్డు మీద పసుపు గీత గీసి "గిది బస్ లేన్" అంటె నేను ఒప్పుకోను, దానికి ఖర్చు పెట్టిన రూపాయి గూడ దండుగనే.

మళ్ల నాగపూర్‌కొస్త. మెట్రో లోపల శుభ్రం, చల్లగ, ముసలోళ్లకు సీట్లు ఇస్తరు, బాపును చూసి కాలేజ్ పోరగాడు లేచి "బసా కాకా" అని మరాఠీల కూసోమన్నడు, బాపు గూడ మరాఠీలనే ఆశీర్వదించిండు. కష్టమంత దిగినంక. ఖాప్రీల దిగినప్పుడు ఒక ఆటో అతను బాపు కర్ర చూసి రేటు రెండింతలు చెప్పిండు, ఎండల నిలవడలేక ఇచ్చిన. గీ చివరి ముక్కకు ఒక చిన్న బస్సు, కింది ఫ్లోర్‌ది, పావుగంటకు ఒకటి తిప్పితె చాలు, మెట్రో మీద పెట్టిన కోట్లకు అప్పుడే ఫలితం దక్కుతది. రెండో దశల 43.8 కిలోమీటర్లు బుటిబోరీ, కన్హాన్, హింగ్నా దిక్కు పెంచుతున్నరు, ఆ పైసలల్ల కొంతైనా గిసొంటి బస్సులకు పెట్టాలె అని నా గట్టి మాట.

మెట్రో బండికి, స్టేషన్‌కు ఐదుకు ఐదు. ఇంటి నుంచి దవాఖాన దాక మొత్తం పయానానికి మూడున్నర. పొయ్యెటోళ్లు పొద్దుగాల బండికే పోయి ఎండ ముదరకముందే ఖాప్రీ చేరుకోర్రి, చిల్లర ఉంచుకోర్రి, ఆటో రేటు ఎక్కకముందే మాట్లాడుకోర్రి. బాపుకు మళ్ల వచ్చే నెల చూపియ్యాలె, ఈసారి ఖాప్రీ కాడికి బామ్మర్ది తన బండి తీస్కొని వస్త అన్నడు.