రీపర్‌లో అయిదేళ్లుగా తప్పెటగుళ్లు మిక్స్ చేస్తున్నాను, నా రివ్యూ

అయిదేళ్లు దాటింది రీపర్ వాడబట్టి, కంప్యూటర్లో పాటలు రికార్డు చేసి మిక్స్ చేసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. మాది విజయనగరం, చుట్టుపక్కల ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ, కోలాటం పాటలు రికార్డు చేసి మిక్స్ చేసి ఇస్తుంటాను. మిక్సింగ్ లోతుగా నేర్చుకోవాలి ఏది తీసుకోమంటావు అన్నా అని పిల్లలు అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడే రాసేస్తున్నాను.

ధర సంగతి ముందు చెప్పేస్తాను. 60 రోజులు అన్నీ పనిచేసే ట్రయల్, తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి, చిన్న పనులు చేసుకునేవాళ్లకి 60 డాలర్లు. నేను ఆరో వెర్షన్ ఉన్నప్పుడు కొన్నాను, అదే లైసెన్సు ఏడో వెర్షన్ అయ్యేదాకా నడుస్తుంది. దీన్ని చేసింది పాటలు వినే విన్‌ఆంప్ ప్లేయర్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్, అందుకేనేమో ఇన్‌స్టాల్ ఫైలు చాలా చిన్నది, నా పాత ల్యాప్‌టాప్‌లో ముప్పై ట్రాకులు పెట్టినా ఆగకుండా పోతుంది. రెడీమేడ్ వాయిద్యాలు, లూపులు ఇందులో రావు. బీట్లు చేసుకునేవాళ్లు అది చూసుకుని దిగాలి, నాలాగ మైకు పెట్టి రికార్డు చేసేవాళ్లకి వాటితో పనిలేదు.

ఇంక అసలు నేర్చుకోవడం సంగతి. మొదట్లో ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను, పేరు చెప్పను, అందులో అన్నీ డ్రమ్ కిట్టు పాఠాలే, స్నేర్ డ్రమ్ముకి కంప్రెసర్ (గట్టి సౌండుని నొక్కి తగ్గించేది) ఎటాక్ (ఎంత తొందరగా నొక్కాలో) ఇంత, రేషియో (ఎంత గట్టిగా నొక్కాలో) ఇంత అని అంకెలు రాసిచ్చేసేరు, నేను ఆ అంకెలే తెచ్చి తప్పెటగుళ్ల మీద పెట్టేసేను. గుల్లు అంటే రేకుతో చేసిన గుండ్రటి వాయిద్యం, ఒక పక్క తోలు, గుండెలకి కట్టుకుని రెండు చేతులతో కొడతారు, కాళ్లకి గజ్జెలుంటాయి, పది పదిహేనుమంది ఒక్కసారి గెంతుతూ వాయిస్తారు. దెబ్బ పడ్డ క్షణంలోనే పాదమూ పడుతుంది. నేను కంప్రెసర్ ఎటాక్ 2 మిల్లీసెకన్లు పెట్టి 8 డెసిబెల్స్ (డీబీ) దాకా నొక్కేసేను, మీటర్ చూస్తే భలే నున్నగా ఉంది. వాళ్ల గురువుగారికి వినిపిస్తే మొత్తం విని, "బాబూ, గుల్లు మోగతంది గానీ మా గజ్జెలేటైపోనాయి?" అన్నారు.

ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాను. రీపర్‌లో ప్లగిన్లకి, అంటే ట్రాకు మీద పెట్టే కంప్రెసర్ లాంటి టూల్స్‌కి, డెల్టా సోలో అని ఒకటుంది, అది నొక్కితే ఆ ప్లగిన్ పెట్టకముందుకీ పెట్టేకకీ ఉన్న తేడా ఒక్కటే వినపడుతుంది, అంటే కంప్రెసర్ ఏటి తీసేస్తోందో అదే చెవికి వస్తుంది. నొక్కేను. గజ్జెలన్నీ అక్కడున్నాయి! దెబ్బ పడ్డప్పుడల్లా కంప్రెసర్ మొత్తం సౌండుని కిందకి లాగుతుంటే, అదే క్షణంలో మోగే గజ్జె కూడా దాంతోపాటే మునిగిపోతోంది. కంప్రెసర్ అంటే ఏటో నాకు నిజంగా అర్థమయింది ఆ రోజే, అంతకుముందు ఏడాదిపాటు నేను చూసింది మీటర్ సూదిని మాత్రమే.

తర్వాత ఎటాక్ 30 మిల్లీసెకన్లకి తెచ్చి, రేషియో 2, తగ్గింపు 3 డీబీ దాటకుండా పెట్టేను, దెబ్బ మొన తిరిగొచ్చింది. గజ్జెల కోసం రియాఎక్స్‌కాంప్, అది మల్టీబ్యాండ్, అంటే సౌండుని కింద నుంచి పైకి భాగాలుగా విడదీసి వేరువేరుగా నొక్కే కంప్రెసర్, కింద బ్యాండ్లు నొక్కి 5 కిలోహెర్ట్జ్ పైన ఉన్నది ముట్టుకోకుండా వదిలేసేను. ఇవన్నీ రీపర్‌తో ఉచితంగా వచ్చేవే. మామూలు కంప్రెసర్ రియాకాంప్‌లో కూడా, ఎప్పుడు నొక్కాలో కనిపెట్టే డిటెక్టర్‌కి విడిగా ఫిల్టర్లున్నాయి, ఏ సౌండు చూసి నొక్కాలో మనం చెప్పొచ్చు, వేలు పోసి కొనే ప్లగిన్లలో వెతికే పని ఇందులోనే అయిపోతుంది.

స్టీరియో విషయంలో కూడా ఒక దెబ్బ తిన్నాను. కోరస్ వెడల్పుగా వినపడాలని ఒక పక్క 12 మిల్లీసెకన్లు ఆలస్యం పెట్టేను, హెడ్‌ఫోన్స్‌లో అద్భుతం. జాతరలో పెట్టే బాక్సులు చాలాచోట్ల మోనో, రెండు పక్కలూ కలిసేసరికి ఒకే గొంతు రెండుసార్లు ఒకదాని మీద ఒకటి పడి, కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టేసుకుని, కోరస్ బిందెలోంచి పాడినట్టొచ్చింది. ఇప్పుడు మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ నొక్కి వినకుండా ఏ ఫైలూ ఇవ్వను. వెడల్పు కావాలంటే రెండోసారి పాడించుకుంటాను.

జముకు ఇంకో రకం కష్టం. దాని తీగ గుమ్మని కిందనే పలుకుతుంది, జనం వినేది సెల్లులో, సెల్ స్పీకర్ కింద ఫ్రీక్వెన్సీలు పలకదు. ఈక్యూలో (ఫ్రీక్వెన్సీలని పెంచి తగ్గించేది) బాస్ ఎంత పెంచినా లాభంలేదు, పెంచితే కథ చెప్పే గొంతు మసకబారుతుంది. ట్రాకుని పక్కకి ఒక సెండ్ (కాపీ లాంటిది) తీసి, దాన్ని కొంచెం డిస్టార్ట్ చేసి, 300 హెర్ట్జ్ కింద కోసేసి, తక్కువలో కలిపేను. పై హార్మోనిక్స్, అంటే అదే స్వరం తాలూకు పై ఫ్రీక్వెన్సీలు, వినపడితే కింది స్వరాన్ని చెవే పూరించుకుంటుంది. రీపర్‌లో ఏ ట్రాకునైనా ఏ ట్రాకుకైనా పంపొచ్చు, ఫోల్డర్ చేస్తే అదే బస్సు (కొన్ని ట్రాకులు కలిసి వెళ్లే దారి), అందుకే ఇలాంటివి చేసి చూడటానికి భయం పోయింది.

ఒక్కమాట, సాఫ్ట్‌వేర్ గదిని బాగుచెయ్యదు. నా గది పది అడుగులది, 56 హెర్ట్జ్ దగ్గర గుమ్మని నిలబడిపోతుంది, ఏడాదిపాటు బాస్ తప్పుగా కోసేను. పరుపు గోడకి నిలబెట్టి, బట్టల బీరువా మూలకి జరిపితే పైవి కుదురుకున్నాయి గానీ ఆ 56 మటుకు అలాగే ఉంది, దాన్ని హెడ్‌ఫోన్స్‌లోనే చూసుకుంటాను.

లౌడ్‌నెస్ గురించి తక్కువే చెప్తాను. రెండర్‌లో డ్రై రన్ అని ఉంది, ఫైలు చెయ్యకుండానే ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే అంకె) ఎంతో, ట్రూ పీక్ (అన్నిటికంటే ఎత్తైన మొన) ఎంతో చూపిస్తుంది. యూట్యూబ్ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాటినదాన్ని తగ్గించేస్తుంది కాబట్టి నేను గుల్లు మొన పోకుండా -14 దగ్గర వదిలేస్తాను, పీక్ -1 డీబీ. ఎవరైనా ఇంకా గట్టిగా కావాలంటే రెండు ఫైళ్లూ ఒకే వాల్యూంలో వినిపిస్తాను, చాలామంది మెత్తటిదే తీసుకెళ్లారు.

గురువుగారి బృందాన్ని ఈసారి సిరిమాను పండక్కి ముందే మళ్లీ రికార్డు చెయ్యాలి. ఒక మైకు గుండె ఎత్తున, ఇంకోటి పాదాల దగ్గర పెడదామనుకుంటున్నాను. మీటరు దూరానికి సౌండు దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, ఆ పాదాల ట్రాకుని రీపర్‌లో అంత ముందుగా మోగేలా జరిపి, పోలారిటీ (సౌండు అలని తలకిందులు చేసేది) తిప్పి తిప్పి విని, దెబ్బ ఎందులో గట్టిగా నిలబడితే అందులో ఉంచేస్తాను. మొదటి కాపీ ఈసారి కూడా ఆయనకే వినిపిస్తాను.