కోళ్ల దొడ్డి అడుగున అరంగుళం వెల్డ్ మెష్, పైన నాపరాళ్లు: నల్లరేగడిలో ఏళ్ల వాడకం తర్వాత

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పెరట్లో కోళ్ల దొడ్డి కట్టేవాళ్లు కంచె ఎంత ఎత్తుండాలని బాగానే ఆలోచిస్తారు. కోడి పోయేది మాత్రం చాలాసార్లు కింది నుంచే. అరంగుళం కన్నున్న జీఐ వెల్డ్ మెష్‌ని (జింకు పూతతో, అడ్డం నిలువు తీగలు వెల్డ్ చేసిన ఇనుప జాలీని) కంచె మొదట్లో బయటివైపుకు నేలమీద పరిచి, దానిమీద నాపరాళ్లు పేర్చే పద్ధతి గురించి ఇది. ఎండాకాలాలు, వానాకాలాలు దాటించి చూసిన మాట: కుక్కకూ నక్కకూ పూర్తిగా నమ్మొచ్చు. మూలలు సరిగ్గా మూస్తే ముంగిసకూ నమ్మొచ్చు. పందికొక్కుకు మాత్రం ఇదొక్కటే చాలదు.

మెష్‌ను నిలువునా లోతుగా పాతితే పోదా అంటారు. ఎర్రనేలలో, గరుసు నేలలో అడుగున్నర లోతు పాతితే బాగానే ఉంటుంది. నల్లరేగడి కథ వేరు. ఏప్రిల్, మే నెలల్లో నేల చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడగానే ఉబ్బుతుంది. ఏటా ఆ లాగుడికి నిలువు మెష్ వంగిపోతుంది, నేలమట్టం దగ్గర వెల్డింగ్ చుక్కలు ఊడిపోతాయి. పడుకోబెట్టిన మెష్ నేలతో పాటే లేస్తుంది, దిగుతుంది. పైగా తవ్వే జంతువు ముక్కు కంచెకు ఆనించి అక్కడే గోళ్లు వేస్తుంది. కాళ్లకింద తీగ తగిలితే పక్కకు జరిగి మళ్లీ కంచె మొదట్లోనే తవ్వుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి సొరంగం వేద్దామని కుక్కకు తట్టదు.

మెష్ కొనేటప్పుడు గేజ్, అంటే తీగ మందం చెప్పే నంబరు, చూసుకోండి. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది: 18 గేజ్ సుమారు 1.2 మిల్లీమీటర్లు, 22 గేజ్ 0.7. చవగ్గా దొరికే ఆరుపలకల కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచడానికి పనికొస్తుంది, కుక్కను బయట ఆపడానికి కాదు. పళ్లతో పట్టి లాగితే మెలిక విప్పుకుంటుంది. 18 గేజ్ కంటే సన్నం వద్దు. వెల్డింగ్ అయ్యాక జింకు పూత వేసిందా, పూత తీగతో వెల్డ్ చేసిందా అని కూడా అడగండి. రెండో రకంలో ప్రతి చుక్క దగ్గరా పూత కాలిపోయి ఉంటుంది కాబట్టి మట్టిలో అక్కడే మొదట తుప్పు పడుతుంది.

12 × 20 అడుగుల దొడ్డికి లెక్క ఇది. చుట్టుకొలత 64 అడుగులు. మూల ముక్కలకు 10, అతుకులకు కాస్త కలిపి, 3 అడుగుల వెడల్పు మెష్ 80 అడుగులు తీసుకోండి. కంచె బయట రెండున్నర అడుగుల మేర 3 అంగుళాల మట్టి చెక్కి తీయండి. మెష్‌ని పొడవునా మడిచి, ఒక అడుగు కంచెకు ఆనించి, 2 అడుగులు నేలమీదకి పరచండి. కంచెకు జానెడు దూరానికొకచోట కట్టండి. సెంట్రింగ్ పనికి వాడే నల్ల కట్టుతీగ వాడొద్దు. మెష్ ఇంకా గట్టిగా ఉండగానే అది తుప్పుపట్టి పొడి అవుతుంది. జీఐ తీగే వాడండి. బయటి అంచుకు 6 ఎంఎం కడ్డీతో చేసిన యూ మేకులు 2 అడుగులకొకటి చొప్పున 40 కావాలి. ఒక్కో కాలు 12 అంగుళాలు ఉండాలి. పొట్టి మేకులను నల్లరేగడి ఒక్క వానాకాలంలోనే పైకి నెట్టేస్తుంది. మధ్య వంపుతో కలిపి మొత్తం 90 అడుగుల కడ్డీ, తూకానికి సుమారు 6 కేజీలు.

అసలు తప్పు జరిగేది మూలల్లో. రెండు వైపుల మెష్‌నీ బయటికి మడిస్తే మూల దగ్గర 2 అడుగుల చదరం ఖాళీగా మిగులుతుంది. పైన మట్టి కప్పేస్తే అది కనబడదు. కుక్క సరిగ్గా అక్కడే దూరుతుంది. ఒక్కో మూలకు రెండున్నర అడుగుల పొడవు ముక్క కోసి, రెండు వైపులా ఆరంగుళాలు మెష్ మీదికి వచ్చేలా పరిచి, కన్నుకు కన్ను కలిపి తీగతో కుట్టండి. మొత్తం పనిలో ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే.

పైన 2 × 2 అడుగుల నాపరాళ్లు 36 పడతాయి: వైపులకు 32, మూలలకు 4. ఎర్రగుంట్ల చుట్టుపక్కల దొరికే పాలిష్ పెట్టని, అంచు విరిగిన రాళ్లయినా ఈ పనికి చాలు. అంగుళం మందం రాయి దాదాపు పాతిక కేజీలుంటుంది, ఒక మనిషి ఎత్తగలడు. సందుల్లో సిమెంటు పోయొద్దు, నేల కదిలితే పగులుతుంది. గరుసు నింపండి. మెష్ ఎందుకు, రాళ్లే పరిస్తే పోలా అనుకుంటే పందికొక్కులకు పైకప్పు వేసి ఇచ్చినట్టే. అవి రాయి చాటునే బొరియ పెడతాయి. తలుపు కింద మాత్రం 2 అంగుళాల మందం బండ వేసి, మెష్ అంచులు దాని కిందికి పోనివ్వండి. తలుపుకూ బండకూ మధ్య సందు అరంగుళం దాటకూడదు.

లోపలివైపు కోళ్లే శత్రువులు. కంచె వెంబడి గీరి గీరి, మట్టి స్నానానికి అరడుగు గుంతలు చేస్తాయి. అప్పుడు మడత బయటపడి దాని కింద సందు వస్తుంది. దొడ్డి నడిమధ్యన బూడిద, ఇసుక కలిపి ఒక గుంట పెడితే అక్కడికి అలవాటు పడతాయి. కంచె లోపలి అంచున కూడా అడుగు వెడల్పు రాళ్లు పేర్చడం మంచిది. రెట్ట కలిసిన ఊక మెష్‌కు ఆనుకుని కుప్పపడనివ్వకండి. మా దొడ్డిలో తుప్పు మొదట కనిపించింది వానకు కాదు, ఊక తడిసి ముక్కిన చోట.

మెష్ పరిచాక పందికొక్కు కంచె దగ్గర తవ్వదు. గజాల దూరంలో మొదలుపెట్టి, లోతుగా వచ్చి, లోపల తేలుతుంది. బొరియ మూతి దగ్గర కొత్తమట్టి కుప్ప చూస్తే తెలిసిపోతుంది. రాత్రి గూటికి నేల గట్టిగా ఉండటమే దీనికి మందు: ఆరంగుళాల గరుసు దిమ్మిసా చేసి, దానిమీద అరంగుళం మెష్, పైన నాపరాళ్లు. గుడ్లు సాయంత్రానికల్లా తీసేయాలి.

ముంగిస పగటి జంతువు. రాత్రి గూడు ఎంత భద్రంగా మూసినా, ఊరంతా కునుకు తీసే మధ్యాహ్నం అది వస్తుంది. అందుకే ఈ మెష్ ఒక్క గూటికే కాదు, కోళ్లు తిరిగే దొడ్డి చుట్టూ వేయాలి. సర్కారు తుమ్మ కంప చుట్టూ వేసే అలవాటు మన దగ్గర ఉంది. కుక్కను ఆపుతుంది, నిజమే. ముంగిసకూ పాముకూ దాక్కోవడానికి అదే చోటు. కంచె చుట్టూ నాలుగడుగులు చదునుగా, బోడిగా ఉంచండి. ఎరమందు, ఉచ్చు, కరెంటు తీగ జోలికి పోవద్దు. ముంగిస, నక్క, అడవిపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. కరెంటు తీగకు మనుషులే పోతున్నారు.

లోపాలు రెండు. చిన్న పాములు అరంగుళం కన్నులోంచి దూరతాయి, దీనికి ఈ మెష్ దగ్గర జవాబు లేదు. రెండోది, రాళ్లు వేయకుండా మట్టి మాత్రమే కప్పితే బర్రెలు తొక్కినచోట అంచు పైకి లేస్తుంది, పిల్లల కాళ్లు కోసుకుంటాయి.

ఉగాది దాటాక ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. నెర్రెల్లో గరుసు గానీ ఇసుక గానీ పోయండి, మట్టి పోస్తే మళ్లీ చీలుతుంది. ఒక రాయి ఎత్తి తీగను కటింగ్ ప్లేయర్‌తో అటూ ఇటూ వంచండి. వంగితే ఇంకా పని చేస్తుంది. పుటుక్కున విరిగితే మొత్తం పీకక్కర్లేదు, ఆ వైపు పాత మెష్ మీదే కొత్త ముక్క పరిచి కుట్టేయండి.