డబ్బా బీరు, గింజల బీరు: రెండూ కాచి చూశాక

మా గరాజ్‌లో ఇప్పటిదాకా 42 బ్యాచ్‌ల బీరు పులిసింది. ప్రతిదానికీ నోటుపుస్తకంలో ఒక పేజీ రాసి పెట్టుకున్నాను కాబట్టి లెక్క తప్పదు. అందులో మొదటి 11 కిట్ డబ్బాలతో (ఫ్యాక్టరీలో సగం పని చేసి ఇచ్చే బార్లీ పాకం డబ్బాలు), మిగతావి ఎక్కువగా బార్లీ గింజల నుంచి కాచినవి. ఈమధ్య ఆస్ట్రేలియాలో మా ఊరు అడిలైడ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు, కిట్ కొనాలా లేక నేరుగా గింజలతోనే మొదలుపెట్టాలా అని. ఫోన్‌లో చెప్తే ప్రతిసారీ సగం మర్చిపోతున్నాను, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా. ఒక విషయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ మన తాగుడు కోసం ఇంట్లో బీరు కాచుకోవచ్చు, అమ్మకూడదు, బట్టీ పెట్టి సారా దించకూడదు. ఆంధ్రా, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా బీరు కాయడమే నేరం, అక్కడినుంచి చదివేవాళ్లు దయచేసి దీన్ని ప్రయత్నించకండి.

నేను మొదలుపెట్టింది కూపర్స్ వాళ్ల స్టార్టర్ కిట్‌తో. ఆ కంపెనీ ఈ ఊరిదే, 1862లో థామస్ కూపర్ అనే ఆయన పెట్టింది, ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. పెట్టెలో 23 లీటర్లు పట్టే ఫర్మెంటర్ (బీరు పులియబెట్టే పాత్ర), ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్, 740 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు 30, సీసాలో వేయడానికి చక్కెర బిళ్లలు, 1.7 కిలోల డబ్బా, దానితోపాటు కలపాల్సిన ఒక కిలో పొడి వస్తాయి. డబ్బా మూత తీస్తే లోపల ముదురు బెల్లం పాకంలా ఉంటుంది, గరిటె ముంచి పైకెత్తితే తీగలు సాగుతుంది. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీళ్లలో నానబెట్టి, ఆ తీపి నీళ్లని హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు) వేసి మరిగించి, నీరు చాలావరకు లాగేస్తే మిగిలేదే ఈ పాకం. మనం చేయాల్సిందల్లా దాన్ని రెండు లీటర్ల వేడినీళ్లలో కరిగించి, చన్నీళ్లతో 23 లీటర్లకి నింపి, మూత కింద ఉన్న ఈస్ట్ పొట్లం చల్లడమే. నలభై నిమిషాల పని. మొదటిసారి చేసేవాడికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు, పెట్టెలో ఏదీ తక్కువ కాలేదు కూడా.

కానీ నా మొదటి బ్యాచ్ తాగలేకపోయాం. అది జనవరి, ఇక్కడ నడి ఎండాకాలం, గరాజ్‌లో 31 డిగ్రీలు. ఆ వేడికి ఈస్ట్ రెండు రోజుల్లోనే పని ముగించేసింది, భలే తొందరగా అయిపోయిందని సంబరపడ్డాను. మూడు వారాల తర్వాత సీసా తీస్తే గోళ్ల రంగు వాసన, రెండు గ్లాసులు తాగినవాళ్లకి మర్నాడు తలనొప్పి. రెండోసారి ఇంకో బ్రాండు డబ్బా ఒక చిన్న షాపులో తగ్గింపు ధరకి దొరికితే తెచ్చాను. ఇంటికొచ్చాక చూస్తే అడుగున తేదీ దాటి ఏడాది అయింది. బీరు అనుకున్నదానికంటే నల్లగా వచ్చింది, గుటక వేశాక చివర్లో ఇత్తడి చెంచా నాకినట్టు ఒక రుచి మిగిలిపోయింది. ఆ రుచికి కిట్ రుచి అని పేరు పెట్టి చాలామంది డబ్బాలనే వదిలేస్తారు. నేనూ వదిలేసేవాడినే.

మూడోసారి పాత ఫ్రిజ్ ఒకటి ఊరికే దొరికింది. దానికి టెంపరేచర్ కంట్రోలర్ తగిలించి ఫర్మెంటర్‌ని 18 డిగ్రీల దగ్గర పెట్టాను. మళ్లీ కూపర్స్ డబ్బానే, కాకపోతే తేదీ చూసి కొన్నది, మూత కింది 7 గ్రాముల పొట్లం బదులు విడిగా కొన్న యూఎస్-05 అనే రకం ఈస్ట్ వేశాను. అంతే తేడా. ఆ బీరు తాగిన ఆఫీసు స్నేహితుడు ఎక్కడ కొన్నావు అని అడిగాడు.

అప్పుడు నాకు బోధపడిన సంగతే ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. డబ్బాతో చేసినా గింజలతో చేసినా మొదటి రోజు మనం చేసేది ఈస్ట్‌కి వంట వండిపెట్టడం మాత్రమే, బీరు చేసేది ఈస్ట్, అది ఆ తర్వాతి రెండు వారాల్లో జరుగుతుంది. ఇడ్లీ పిండి గురించి మనకి తెలియనిదేమీ కాదు, పప్పు ఎంత మెత్తగా రుబ్బినా రాత్రి పులవాల్సినట్టు పులవకపోతే పొద్దున ఇడ్లీ రాయే. శుభ్రం చేయడం, వేడి పట్టి ఉంచడం, హైడ్రోమీటర్ చూడటం, తొందరపడకుండా ఆగడం, ఈ నాలుగూ కిట్‌తోనే నేర్చుకోవచ్చు, అదీ ఆరు గంటలు వంటగదిలో నిలబడకుండా. ఇవి చేతికి రాకముందే గింజలు కొన్నవాళ్లు బీరు చెడిపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియక మానేస్తారు. అలా మానేసినవాళ్లని ఇద్దర్ని చూశాను, బాధేసింది.

హైడ్రోమీటర్ దగ్గర మాత్రం ఎవరూ నిర్లక్ష్యం చేయకండి. మొదలుపెట్టిన రోజు 1.045 చూపించింది, చక్కెర ఖర్చయి పులిసేకొద్దీ 1.010 దగ్గరికి దిగుతుంది. వరసగా రెండు రోజులు అదే అంకె కనిపిస్తే తప్ప సీసాల్లో పోయకూడదు. పులవడం పూర్తికాక ముందే బిగించేస్తే లోపల గ్యాస్ పెరిగి గాజు సీసా పేలుతుంది. కిట్‌లో ప్లాస్టిక్ సీసాలు ఇవ్వడం నాకు అందుకే నచ్చింది, చేత్తో నొక్కి చూస్తే గట్టిపడిందో లేదో తెలిసిపోతుంది.

ఇక గింజల సంగతి. ఇక్కడ బ్రూ ఇన్ ఎ బ్యాగ్ అంటారు, ఆస్ట్రేలియా వాళ్లే వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి. మూడు గిన్నెలు, పైపులు, పంపులు ఏమీ అక్కర్లేదు. 19 లీటర్ల స్టీలు గిన్నె ఒకటి, అందులో పట్టే పల్చటి బట్ట సంచి ఒకటి చాలు. పది లీటర్ల బీరుకి నేను తీసుకునేది 2.3 కిలోల పేల్ మాల్ట్. మాల్ట్ అంటే కంగారు పడకండి, మన రాగి మాల్ట్ ఎలా చేస్తామో ఇదీ అంతే, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. షాపువాళ్లు మరపట్టి ఇస్తారు, కానీ గింజ పగిలి రవ్వలా ఉండాలి, పొట్టు నలగకూడదు, పిండి అయిపోతే వార్చేటప్పుడు ముద్దకట్టేస్తుంది.

16 లీటర్ల నీళ్లు 69 డిగ్రీలకి కాచి, సంచిలో గింజలు పోసి కలిపితే వేడి 66కి దిగుతుంది. మూతపెట్టి దుప్పటి చుట్టి గంటసేపు కదపకుండా వదిలేయాలి. ఈ గంట కోసమే నేను గింజల బీరు కాస్తాను. పోసిన వెంటనే ఒక చెంచా తీసి రుచి చూస్తే బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది, తెల్లగా, చప్పగా, పిండి వాసన. పది నిమిషాలకి కొంచెం తీపి తగులుతుంది. అరగంటకి గిన్నెలో నీళ్లు తేటపడి తేనె రంగుకి తిరుగుతాయి, నాలుక మీద వేసుకుంటే పాలుపట్టిన గోధుమ కంకి నమిలినట్టు ఉంటుంది. మనం చక్కెర గింజంత కూడా వేయలేదు, మొలకలో పుట్టిన ఎంజైములే గింజలోని పిండిని చక్కెరగా మార్చేశాయి. ఇన్నిసార్లు చూశాక కూడా నాకు అది కొత్తగానే ఉంటుంది.

కిందటి ఏడాది నాన్న మూడు నెలలు మా దగ్గర ఉన్నప్పుడు ఈ పని పక్కనుండి చూశారు. ఆయన తాగరు. గంట అయ్యాక సంచి పైకెత్తితే అది తడిసి ఐదు కిలోల దాకా బరువు ఉంటుంది, నేను ఎత్తి పట్టుకుంటే ఆయన రెండు గరిటెలతో నొక్కి పిండుతూ "గంజి వార్చినట్టే కదరా" అన్నారు. నిజంగా అంతే. తర్వాత ఊళ్లో కల్లు గీసే మామ సంగతి చెప్పారు. కుండ అడుగున నిన్నటి మడ్డి కొంచెం ఉంచితే కల్లు తొందరగా పులుస్తుందట, తియ్యగానే ఉండాలంటే కుండకి సున్నం పూస్తారట. నేను పొట్లం కొని చల్లే ఈస్ట్, ఆ మడ్డిలో ఉండే ఈస్ట్ ఒకే పని చేస్తాయని ఆ రోజు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. పిప్పి మాత్రం పారేయనివ్వలేదు ఆయన, గేదె ఉంటే ఎంత ఇష్టంగా తినేదో అంటూ తీసుకెళ్లి కరివేపాకు మొక్క దగ్గర కంపోస్టులో కలిపారు.

సంచి తీశాక మిగిలిన తీపి నీళ్లని గంటసేపు మరిగించాలి. మొదట్లో వేసే హాప్స్ చేదు ఇస్తాయి, పొయ్యి కట్టేశాక వేసేవి వాసన ఇస్తాయి. చేదుకి 12 గ్రాములు, చివర్లో 20 గ్రాముల గెలాక్సీ నా కొలత. గెలాక్సీ ఆస్ట్రేలియా రకం, పొట్లం విప్పగానే పాషన్‌ఫ్రూట్ కోసినట్టు గుప్పుమంటుంది. చల్లార్చడానికి ఇక్కడ ఎండాకాలంలో కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి కాబట్టి, మరిగిన ఆ తీపి నీళ్లని వేడివేడిగానే, ఆ వేడిని తట్టుకునే గట్టి ప్లాస్టిక్ క్యూబ్‌లో నింపి బిగించి, మర్నాటికి చల్లారాక ఫర్మెంటర్‌లో పోసి ఈస్ట్ వేస్తాను.

మరి రుచిలో తేడా ఉందా అంటే ఉంది, ఉన్నదాన్ని లేదనను. పల్చటి రంగు బీర్లలో బాగా తెలుస్తుంది. గింజలతో చేసినదానిలో తాజా బ్రెడ్ లాంటి వాసన, నోట్లో ఒక నిండుదనం ఉంటాయి, డబ్బాతో నాకు అవి ఒక్కసారీ రాలేదు. పైగా పగ్గాలు మన చేతిలో ఉంటాయి, 64 డిగ్రీల దగ్గర నానబెడితే తేలికగా తీపి లేకుండా వస్తుంది, 68 దగ్గరైతే చిక్కగా వస్తుంది. డబ్బాలో ఆ నిర్ణయం ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తుంది. స్టౌట్ అనే నల్లటి బీరులో మాత్రం తేడా చాలా తక్కువ, నా డబ్బా స్టౌట్, గింజల స్టౌట్ పేర్లు దాచి పోస్తే నలుగురిలో ఇద్దరు డబ్బాదే బాగుందన్నారు.

డబ్బుల దగ్గరికొస్తే, షాపులో 24 సీసాల కార్టన్ 55 నుంచి 60 డాలర్లు పెట్టి కొంటున్నాను, బీరు మీద పన్ను కూడా తక్కువేమీ కాదు. డబ్బా, పొడి, మంచి ఈస్ట్ కలిపి నాకు 35 డాలర్ల దాకా అవుతుంది, దానితో 23 లీటర్లు వస్తుంది. గింజలు, హాప్స్, ఈస్ట్ కలిపినా లీటరుకి ఇంచుమించు అంతే, కొంచెం అటూ ఇటూ. కాబట్టి డబ్బు చూసి గింజలకి వెళ్లకండి. టైమ్ చూస్తే అసలు పోలికే లేదు, డబ్బాకి గంటలోపు, గింజలకి కడిగి సర్దేసరికి ఐదారు గంటలు. పిల్లలు చిన్నవాళ్లైతే, శనివారాలు ఖాళీ లేకపోతే, డబ్బానే మంచిది, అందులో చిన్నతనం ఏమీ లేదు. మా చిన్నది పుట్టిన ఏడాదంతా నేను చేసింది డబ్బా బీరే, బాగానే తాగాం.

మధ్యలో ఒక దారి ఉంది, చాలామందికి సరిపోయేది అదేనని నా నమ్మకం. డబ్బా తీసుకోండి, దానితో కలపమని చెప్పిన పొడి బదులు ఒక కిలో మాల్ట్ పొడి (గింజల పిండి కాదు, మాల్ట్ పాకాన్ని పూర్తిగా ఆరబెట్టింది) వేయండి. 250 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ (వేయించిన ఒక రకం మాల్ట్ గింజలు) వేడినీళ్లలో అరగంట నానబెట్టి వడకట్టి, ఆ నీళ్లు పది నిమిషాలు మరిగించి కలపండి. ఈస్ట్ మార్చండి. నాలుగైదు రోజులయ్యాక 25 గ్రాముల హాప్స్ నేరుగా ఫర్మెంటర్‌లో వేయండి. అదనంగా పట్టేది గంటే, ఖర్చు 15 డాలర్లు, బీరు మాత్రం మూడు వంతులు గింజల బీరు పక్కన నిలబడుతుంది. ఇంకోటి, లేగర్ (చల్లగా పులియబెట్టే రకం బీరు) అని రాసున్న డబ్బాల్లో చాలావాటి మూత కింద ఉండేది కొంచెం వెచ్చదనం కోరే ఏల్ ఈస్టే, దాన్ని 12 డిగ్రీల్లో పెట్టి పులవట్లేదని టెన్షన్ పడకండి, 18 నుంచి 20 మధ్య ఉంచండి.

కొనే వరస కూడా చెప్తాను. ముందు స్టార్టర్ కిట్, తర్వాత గిన్నె కాదు, పాత ఫ్రిజ్, కంట్రోలర్. వాటితో రెండు మూడు డబ్బాలు బాగా వచ్చాక గిన్నె, సంచి. కరెంటుతో నడిచే పెద్ద బ్రూయింగ్ మెషీన్లు మంచివే, నేను 30వ బ్యాచ్ తర్వాత ఒకటి తీసుకున్నాను, అంతకుముందు అవసరం కనపడలేదు. డబ్బా ఎక్కడ కొన్నా అడుగున తేదీ చూడండి, తగ్గింపు ధర పెట్టి ఉంటే రెండుసార్లు చూడండి.

నా పాత 19 లీటర్ల గిన్నె, సంచి ఇప్పుడు ఖాళీగానే ఉన్నాయి. అడిలైడ్‌లో ఉండి కిట్‌తో రెండు బ్యాచ్‌లు పూర్తిచేసినవాళ్లు ఎవరైనా అడిగితే ఇస్తాను, కొనక్కర్లేదు. మొదటి రోజు పక్కన మనిషి కావాలనుకుంటే శనివారం పొద్దున రండి, ఎనిమిదికల్లా పొయ్యి మీద నీళ్లు పెట్టేస్తాను.