వెన్నెల రాత్రులకు 14 ఎంఎం మాన్యువల్ లెన్స్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ లెన్స్‌ని కొన్నది పాలపుంత కోసం. 14 ఎంఎం అంటే చాలా వెడల్పుగా చూసేది, ఎఫ్/2.8 అంటే అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె తగ్గితే రంధ్రం పెద్దది. అంతా మాన్యువల్. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అపర్చర్ కూడా లెన్స్ మీదున్న రింగుతోనే. కొన్నేళ్లుగా ఫుల్‌ఫ్రేమ్ (వెలుగుని పట్టే సెన్సర్ పెద్దగా ఉండే) కెమెరా మీద వాడుతున్నాను. ఇప్పుడెవరైనా అడిగితే, అమావాస్యకి ఇది ఓ మోస్తరు లెన్సే, వెన్నెలకైతే మాత్రం దీనికి రెండింతలు పెట్టి కొనక్కర్లేదు అంటాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో దొరికే 14 ఎంఎం మాన్యువల్ లెన్సుల గుణాలూ లోపాలూ చాలావరకు ఒకటే.

చీకటి ఆకాశానికి అపర్చర్ పూర్తిగా తెరవక తప్పదు. ఎఫ్/2.8 దగ్గర ఈ లెన్స్ లోపాలన్నీ ఒకేసారి బయటపడతాయి. మూలల్లో చుక్కలకి రెక్కలొస్తాయి, ఫ్రేము అంచులు మధ్యభాగం కంటే బాగా నల్లబడతాయి. వెన్నెల ఉంటే ఆ అవసరమే లేదు. నిండు చంద్రుడి వెలుగు ఎండ కంటే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. వినడానికి భయంగా ఉన్నా సెన్సర్‌కి అది సరిపోతుంది. పౌర్ణమి చంద్రుడు బాగా పైకొచ్చాక ఎఫ్/4, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800, 20 సెకన్లు పెడితే రాళ్ల మధ్య గడ్డిపరకలు కూడా కనిపిస్తాయి. ఎఫ్/4కి వచ్చేసరికి మూలలు చాలా తేరుకుంటాయి, చిన్న చుక్కలు ఎలాగూ వెన్నెల్లో మునిగిపోతాయి కాబట్టి రెక్కల గొడవ పెద్దగా కనిపించదు.

నిజానికి ఆ సెట్టింగ్‌తో వచ్చే ఫోటో మరీ పట్టపగల్లా ఉంటుంది, నీలాకాశంలో చుక్కలు తప్ప తేడా తెలీదు. నేను ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించి ఐఎస్ఓ 400కి దిగిపోతాను. చీకట్లో కెమెరా స్క్రీన్ ఎంత డల్ ఫోటోనైనా వెలిగిపోతున్నట్టు చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల గ్రాఫు) చూసుకోవాలి. వైట్ బ్యాలెన్స్ (ఫోటో రంగు ఎంత పసుపుగా, ఎంత నీలంగా రావాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయకుండా 4000 కెల్విన్ దగ్గర పెడతాను. చంద్రుడిది అరువు తెచ్చుకున్న ఎండే, కాస్త పసుపు ఎక్కువ. వెన్నెల నీలంగా ఉందనుకునేది మన కళ్లే. ఫోటోలో ఆ నీలం కావాలంటే మనమే ఇవ్వాలి, అయితే ఎక్కువైతే నాటకం లైటింగ్‌లా తయారవుతుంది.

సగం చంద్రుడుంటే సగం వెలుగు వస్తుందనుకుంటారు చాలామంది. అష్టమి నాటి వెలుగు పౌర్ణమి వెలుగులో దాదాపు పదో వంతే. ఎండ పక్కనుంచి పడుతుంది కాబట్టి చంద్రుడి మీది గుంటల నీడలే చాలా వెలుగుని మింగేస్తాయి. అష్టమి రోజు మళ్లీ ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, 20 సెకన్లకి పోవాల్సిందే, లెన్స్ లోపాలు మళ్లీ మొదలు. అందుకని క్యాలెండర్‌లో తిథి చూసుకుని శుద్ధ ఏకాదశి, ద్వాదశి రోజుల్లో బయల్దేరతాను. పొద్దుగూకేసరికే చంద్రుడు పైనుంటాడు, తెల్లవారకముందే దిగిపోతాడు. పౌర్ణమి అంత జనమూ ఉండరు.

ఎక్కువగా వాడింది గండికోటలో. కోట పెన్నా నదికి కుడి ఒడ్డున ఉంటుంది, లోయ ఉత్తరం వైపు. లోయకేసి కెమెరా పెడితే దక్షిణాన ఉన్న చంద్రుడు వీపు వెనక ఉంటాడు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో నిండు చంద్రుడు బాగా దక్షిణంగా నడుస్తాడు. 2025 జూన్ పౌర్ణమికైతే గండికోటలో ఎంత పైకొచ్చినా 47 డిగ్రీల దగ్గరే ఆగిపోయాడు. 18.6 ఏళ్లకోసారి చంద్రుడి దారి అలా బాగా వాలుతుంది, 2024-25లో జరిగింది అదే. ఆ ఏటవాలు వెన్నెల ఎదురుగోడ మీద పడితే ఎర్రరాతి పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అదే మార్గశిర, పుష్య పౌర్ణములకి చంద్రుడు నడినెత్తికి వచ్చేస్తాడు. నీడలన్నీ రాళ్ల కిందికి దూరిపోయి, లోయ చప్పగా ఉంటుంది. చలికాలం గండికోట బాగుంటుందని అందరూ అంటారు, టెంటులో పడుకోవడానికైతే నిజమే. వెన్నెల ఫోటోకి ఆ నెలల్లో చంద్రుడు వచ్చిన మొదటి రెండు మూడు గంటలే పనికొస్తాయి.

వెనక చంద్రుడుంటే ఇంకో చిక్కు. ఈ లెన్స్ మూల నుంచి మూలకి 114 డిగ్రీలు చూస్తుంది. ట్రైపాడ్ నీడ, పక్కన నిలబడ్డ మన నీడ, బండమీద సాగిపోయి ఫ్రేములోకి వచ్చేస్తాయి. షట్టర్ నొక్కి వెనక్కి వచ్చి కూర్చోవాలి, ట్రైపాడ్‌ని బాగా దించాలి.

ఇక 14 ఎంఎం అనే సంగతి. వెడల్పుగా ఉంటే లోయ మొత్తం వస్తుందని కొంటారు. వస్తుంది, కానీ పొలంగట్టు పక్కన తవ్విన కాలువలా వస్తుంది. దూరంగా ఉన్నదాన్ని ఈ లెన్స్ నిర్దాక్షిణ్యంగా చిన్నది చేస్తుంది. దగ్గర్లో ఒక పగిలిన బండో, ఎండిన పొదో లేకపోతే ఫోటోలో సగం ఖాళీ. ఆ దగ్గరి వస్తువు కోసం అంచుదాకా పోవాలనిపిస్తుంది. గండికోట అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు, వెన్నెల్లో నీడ ఏదో పగులేదో తెలియదు. చోటు పగలే చూసి పెట్టుకుని, రాత్రి అక్కడే నిలబడాలి.

ఫోకస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రింగు మీదున్న అనంతం గుర్తుని నమ్మి లాభం లేదు, నా లెన్స్‌లో అసలు చోటు దానికి కాస్త ఇవతల ఉంది. లైవ్‌వ్యూ (లెన్స్ చూసేదాన్ని స్క్రీన్ మీద చూపించేది) ఆన్ చేసి, బాగా వెలిగే చుక్కని స్క్రీన్ మధ్యకి తెచ్చి, పదింతలు జూమ్ చేసి, రింగుని వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. చుక్క పెద్ద మసక బిళ్లగా మొదలై, చిన్నదై చిన్నదై సూదిమొనంత అవుతుంది, దాటితే మళ్లీ ఉబ్బుతుంది. రెండుమూడుసార్లు అటూఇటూ దాటి చూస్తేగానీ సరైన చోటు చేతికి తెలియదు. అక్కడ చిన్న టేపు ముక్క అంటించేస్తే రాత్రంతా టెన్షన్ ఉండదు. ఎఫ్/4లో చుక్కల మీద ఫోకస్ పెట్టినా సుమారు రెండు మీటర్ల అవతలి రాయి బాగానే వస్తుంది. టేపుని ఎండాకాలం కారులో అలాగే వదిలేస్తే మాత్రం రింగు జిగురుమయం.

సూర్యలంక బీచ్‌లో దీని అసలు రంగు బయటపడింది. సముద్రపు గీత తిన్నగా ఉండదు, మధ్యలో ఉబ్బి చివర్లలో మళ్లీ పైకి లేస్తుంది, అచ్చం మీసంలా. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వంకర సరిచేసే మామూలు డిస్టార్షన్ స్లైడర్‌తో పోదు, ఈ లెన్స్ కోసం చేసిన ప్రొఫైల్ (సవరణల ఫైలు) వేస్తేనే సర్దుకుంటుంది. కొండల్లో దీన్ని ఎవరూ పట్టుకోలేరు. చంద్రుడు ఫ్రేములో ఉన్నా, అంచుకి కొద్దిగా బయట ఉన్నా ఆకుపచ్చ మచ్చలు ఖాయం. ముందు గాజు గుడ్డులా ఉబ్బి ఉంటుంది కాబట్టి మామూలు ఫిల్టర్ పట్టదు, ఉప్పుగాలి నేరుగా దానిమీదికే. అర్ధరాత్రి దాటాక నీటి పక్కన తేమ పట్టేస్తుంది, ఫోటోలు మెల్లగా మసకబారుతుంటే ఫోకస్ జరిగిందనుకుంటాం. పవర్‌బ్యాంక్‌తో నడిచే హీటర్ పట్టీ చుట్టడం తప్ప వేరే దారి కనపడలేదు. తుడుస్తూ కూర్చుంటే గీతలు పడతాయి.

అపర్చర్ ఎంత పెట్టామో ఫోటో ఫైల్లో నమోదు కాదు, చీకట్లో రింగు ఒక క్లిక్ జరిగినా తెలియదు. ఆటోఫోకస్ లేని లోటు మాత్రం రాత్రిపూట ఒక్కసారీ అనిపించలేదు. పెళ్లిళ్లకీ, పిల్లలకీ తీద్దామనుకునేవాళ్లు దీని జోలికి రావొద్దు.

సెకండ్‌హ్యాండ్‌లో ఇవి బాగానే దొరుకుతాయి. కొనేముందు సాయంత్రం పూట కలవమనండి. దూరంగా ఉన్న వీధిదీపం మీద ఫోకస్ పెట్టి, నాలుగు మూలలకీ ఆ దీపాన్ని తెచ్చి ఒక్కో ఫోటో తీయండి. ఒక మూల బాగుండి దాని ఎదురు మూల మసకగా వస్తే లోపలి గాజు వంకరైనట్టే, ఎంత తక్కువకిచ్చినా వద్దు. ముందు గాజు మీద సన్నటి గీత ఒకటీ అరా ఉంటే పర్లేదు, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.